మేడ మీద విప్పిన వైరు

పోయిన వారం మనం పెద్దకోడలిని మేడమెట్ల మీద వదిలి వచ్చాం. చంకన ఆరిన బట్టల మూట, వేళ్లకి అంటిన తుప్పు. ఆ వేళ్లతోనే ఆమె డిష్ దగ్గర కేబుల్ నట్టు విప్పేసి, ఏమీ ఎరగనట్టు కిందికి దిగుతోంది.

ఎందుకు విప్పిందో మొదటినుంచీ వెంట వస్తున్నవాళ్లకి తెలుసు. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంటికొకరు చొప్పున ఆడే టీవీ క్విజ్ పోటీ అది. దానికి దరఖాస్తు పెట్టింది పెద్దకోడలు. నిద్ర మానుకుని చదివింది పెద్దకోడలు. పిలుపు వచ్చింది కూడా ఆమెకే. రేపు ప్రయాణమనగా అత్తగారు స్నానాలగదిలో జారిపడ్డారు. ఎవరో ఒకరు దగ్గరుండాలి. "చిన్నది వెళ్లొస్తుందిలే, వచ్చిన అవకాశం పోగొట్టుకోవడమెందుకూ" అన్నారు అత్తగారు మంచం మీద పడుకునే. అలా చిన్నకోడలు వెళ్లింది. పెద్దకోడలు ఫోన్లో పాఠాలు చెబుతుంటే నేర్చుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి ఫైనల్ దాకా చేరింది. ఆ ఫైనల్ ఈ సాయంత్రమే ప్రసారం. ఫలితం ముందుగా బయటపెట్టకూడదని చానల్ వాళ్ల ఆంక్ష. అందుకేనేమో, షూటింగ్ నుంచి వచ్చినప్పటినుంచీ చిన్నకోడలు నోరు విప్పడంలేదు. దాన్ని అత్తగారు అణకువ అనుకున్నారు. పెద్దకోడలు పొగరు అనుకుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు హాల్లో టీవీ పెట్టారు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు: సిగ్నల్ లేదు.

"ఎవరే అక్కడ? మెకానిక్‌కి ఫోన్ చెయ్యండి! చుట్టాలొచ్చే వేళకి ఇదేం ఖర్మ!" అని ఆవిడ కర్ర నేలకేసి కొట్టారు.

ఫోన్ చేసింది పెద్దకోడలే. ఇవాళ రాలేనని అతను అంటే బాగుండునని లోపల అనుకుంటూనే, "త్వరగా రావాలండీ" అని బతిమాలింది.

మెకానిక్ వచ్చేశాడు. భుజాన సంచీ, చేతిలో సిగ్నల్ మీటరు, నోటినిండా మాటలు. వైరు కన్నా అతని నాలుకే పొడుగని ఆ వీధిలో పేరు.

"ఇది ఇల్లా, కోటా, పెద్దమ్మగారూ?" అంటూ హాల్లో అడుగుపెట్టాడు. "పోయినసారి వచ్చినప్పుడు బయటికి దారి తెలీక వంటింట్లో తేలాను."

అతిశయోక్తే గానీ, ఆ ఇల్లు అలాంటిదే. మామగారి తండ్రి రెండు గదులతో మొదలుపెట్టాడు. ఆ తర్వాత పెళ్లి అయినప్పుడల్లా ఒక గది పక్కకీ, మరొకటి పైకీ పెరిగాయి. ఏ గది గోడ ఏ గదిదో, ఏ వైరు ఎటు పోతుందో కట్టినవాళ్లకే తెలియాలి. గదికో టీవీ. అన్నింటికీ మేడ మీద ఉన్న డిష్ ఒక్కటే ఆధారం. అక్కడినుంచి లావుపాటి కేబుల్ ఒకటి దిగి, మెట్ల మలుపులో గోడకి బిగించిన పెట్టెలోకి వస్తుంది. ఆ పెట్టె నుంచి గదిగదికీ పాయలుపాయలుగా చీలిపోతుంది.

మెకానిక్ ముందు హాల్లో టీవీ కింద ఉన్న పెట్టె చూశాడు. వైరు ఊడదీసి, ఊది, మళ్లీ బిగించాడు. రాలేదు. అత్తగారి గదిలో చూశాడు. చిన్నమామయ్య గదిలో చూశాడు. పైకి పోయి కోడళ్ల గదుల్లోనూ చూశాడు. ఎక్కడా లేదు.

"ఒక్క గదిలో రాకపోతే గది జబ్బు. అన్ని గదుల్లోనూ రాకపోతే ఇంటి జబ్బు," అని తేల్చాడు. "మేడ మీదికి పోవాలి. ఎవరైనా రండమ్మా."

"పెద్దదాన్ని తీసుకెళ్లు," అన్నారు అత్తగారు. "ఈ ఇంట్లో ఏ మూల ఏముందో దానికే తెలుసు."

ఆ మాట మామూలుగా వింటే పొగడ్తే. పెద్దకోడలికి మాత్రం సూది గుచ్చినట్టయింది.

మేడ మీద చిన్నమామయ్య కుండీలకి నీళ్లు పోస్తున్నాడు. ఆయన పోయిన మామగారి తమ్ముడు. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. అన్నగారి నీడలో పెరిగి, ఆయన పోయాక వదినగారి గద్దింపుల కింద బతుకుతున్నాడు. ఇంట్లో ఎవరికీ అడ్డు రాడు, ఎవరి లెక్కలోనూ ఉండడు. ఆయనకంటూ ఉన్నది ఆ మేడ, ఆ కుండీలు, జేబులో మేడ తలుపు తాళంచెవి.

మెకానిక్ డిష్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "మొహం సరైన దిక్కుకే ఉంది. కాలు కదల్లేదు. ఆకూ అలమూ అడ్డం లేవు..." అని గొణుక్కుంటూ వంగి చూసి, ఈల వేశాడు.

"ఇదిగో, దొరికింది దొంగ!"

పెద్దకోడలు మెట్ల వైపు ఒక అడుగు వెనక్కి వేసింది.

"చూడండమ్మా, నట్టు మొత్తం ఊడి వైరు వేలాడుతోంది. ఇది గాలికి ఊడే రకం కాదు. నేనే బిగించాను, నాకు తెలుసు. పనిగట్టుకుని చేత్తో తిప్పితేగానీ రాదు."

"కాస్త... కాస్త మెల్లగా మాట్లాడండి," అంది ఆమె.

ఆమె ఆ మాట పూర్తి చేసేలోగా అతను నట్టు బిగించేసి, పిట్టగోడ మీదికి వంగి, ఇల్లంతా అదిరేంత గొంతుతో అరిచాడు. "పెద్దమ్మగారూ! ఎవరో వైరు విప్పేశారండీ! కంగారు పడకండి, బిగించేశాను!"

పెద్దకోడలు కుండీల వైపు చూడలేకపోయింది. అయినా తెలుసు, నీళ్లు పోస్తున్న చెయ్యి ఆగిపోయిందని.

*

వాళ్లు కిందికి దిగేసరికి హాల్లో కుర్చీలు సగం నిండాయి. అత్తగారి చెల్లెలు, ఆవిడ పిల్లలు, పక్కింటివాళ్లు. తీర్పు చెప్పే ఆసనంలాగా నడుమ పెద్ద కుర్చీ, అందులో అత్తగారు.

"ఏమయ్యా," అన్నారు ఆవిడ మరిదిని చూడగానే. "మళ్లీ నీ పనేనా?"

మళ్లీ అనడానికి కారణం లేకపోలేదు. ఒకప్పుడు ఆయన తడి తువ్వాలు తీసుకెళ్లి డిష్ మీద ఆరేశాడు. ఎండ బాగా తగులుతుందని. ఇల్లంతా సిగ్నల్ పోయి గగ్గోలు పుట్టింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో టీవీ తుమ్మినా దగ్గినా ఆ నేరం చిన్నమామయ్యదే.

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఒక్క క్షణం పెద్దకోడలి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ప్రశ్న కూడా లేదు.

"కుండీ జరుపుతుంటే చెయ్యి తగిలిందేమో వదినా," అన్నాడు.

"తగిలితే ఊడేది కాదంటున్నాడు కదయ్యా ఈ అబ్బాయి! పనిగట్టుకుని తిప్పాలట! ఇంటి పిల్ల టీవీలో కనబడే రోజున, నలుగురూ వచ్చిన వేళ... నీకేం ద్రోహం చేశాం మేము?"

"అత్తయ్యా..." అంది పెద్దకోడలు.

అందరూ ఆమె వైపు తిరిగారు. అత్తగారి చెల్లెలు వింత చూస్తున్నట్టు కళ్లు పెద్దవి చేసుకుని ఉంది. పక్కింటావిడ అయితే రేపు వీధంతా చెప్పడానికి సిద్ధంగా ముందుకి వంగి కూర్చుంది.

"పోనీలెండి అత్తయ్యా, బిగించేశారుగా," అని మాత్రం అనగలిగింది. అని, తనమీద తనకే అసహ్యం వేసింది.

"పోనివ్వడానికి ఇదేమైనా మొదటిసారా? ఏదీ, ఆ మేడ తాళంచెవి ఇలా పెట్టు. ఇకమీదట పైకి పోవాలంటే నన్నడిగి పో."

హాల్లో ఎవరో ఇబ్బందిగా దగ్గారు. చిన్నమామయ్య జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి తీసి, అరచేతిలో కాసేపు ఉంచుకుని, వదినగారి పక్కన బల్ల మీద పెట్టాడు. చప్పుడు కాకుండా పెట్టాడు. "మొగ్గలేసినవాటికి మాత్రం పొద్దున్న కాసిన్ని నీళ్లు పోయించండి," అని తన గదిలోకి వెళ్లిపోయాడు.

పెద్దకోడలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"సరే, పెట్టవయ్యా!" అన్నారు అత్తగారు.

మెకానిక్ ఠీవిగా రిమోట్ నొక్కాడు. తెర వెలిగింది. సిగ్నల్ లేదు.

మళ్లీ నొక్కాడు. సిగ్నల్ లేదు. మీటరు చూసుకున్నాడు, తల గోక్కున్నాడు. "పైన నిండుకుండలా ఉందండీ సిగ్నల్! నా కళ్లతో చూశాను. కిందికి ఎందుకు దిగట్లేదూ?"

అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది పెద్దకోడలు. తాను విప్పింది ఒక్క నట్టు. అది బిగించాక ఇంకా ఎందుకు రాదు?

మెకానిక్ మెట్ల మలుపులోకి పరుగెత్తాడు. గోడ మీది పెట్టె మూత తీసి చూశాడు. లోపల ఎప్పుడూ వెలిగే ఆకుపచ్చ దీపం ఆరిపోయి ఉంది. దానికి కరెంటు అందించే అడాప్టరు ఉండాల్సిన చోట ఖాళీ ప్లగ్గు.

"ఇదీ మాయమే! ఇది ఊడిపోవడం కాదమ్మా, ఎవరో ఊడబీకి తీసుకెళ్లిపోయారు. ఈ ఇంట్లో ఎవరికో టీవీ మీద బాగా కసిగా ఉంది." సంచీ అంతా కెలికి చూశాడు. "నా దగ్గర లేదు. కొట్టు దాకా పోయి తెస్తాను. ఇలా వెళ్లి అలా వచ్చేస్తా."

అతని బండి చప్పుడు వీధి మలుపు తిరగకముందే అత్తగారి గొంతు లేచింది.

"పెద్దదానా! వెళ్లి మీ చిన్నమామయ్య గది వెతుకు. పైన విప్పిన మనిషికి కింద తియ్యడం ఓ లెక్కా?"

"నేనా అత్తయ్యా?"

"నేను లేచి వెళ్లగలనా? ఇంకెవరినైనా పంపిస్తే ఆయనకి తలవంపులు. నువ్వంటే ఆయనకి అభిమానం."

*

చిన్నమామయ్య మంచం అంచున కూర్చుని ఉన్నాడు. ఆమెని చూసి లేచి, తనే బీరువా తలుపులు బార్లా తెరిచాడు. సొరుగులు బయటికి లాగాడు.

"వెతుక్కో అమ్మా. వదిన పంపించిందిగా."

ఆమె కదల్లేదు. "మామయ్యా, నేను..."

"తెలుసు," అన్నాడాయన. "నేను నీళ్లట్యాంకు వెనకాల ఎండుటాకులు ఏరుతున్నాను. నువ్వు నన్ను చూడలేదు. బట్టలు తీసుకుని, పోబోయి, ఆగావు. వెనక్కి వచ్చావు."

పెద్దకోడలు గోడకి ఆనుకుంది. ఎవరూ చూడలేదు అనుకున్న ఆ నిమిషాన్ని ఒక మనిషి మొదటినుంచీ చివరిదాకా చూశాడు. చూసి, ఆ నేరం తన నెత్తిన వేసుకుని, తన ప్రాణం లాంటి తాళంచెవి తీసి ఇచ్చేశాడు.

"మరి ఎందుకు చెప్పలేదు మామయ్యా? అంతమందిలో అన్ని మాటలు పడ్డారు."

"నాకు అలవాటే కదమ్మా. ఒక మాట ఎక్కువైతే ఏమవుతుంది? నీకు అలవాటు లేదు. నిన్ను ఈ ఇంట్లో ఎప్పుడూ ఎవరూ వేలెత్తి చూపలేదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఎందుకు చేశావని అడగను. ప్రయాణం ఆగిపోయిన రోజు సాయంత్రం నువ్వు మేడ మీదికొచ్చి బట్టలు లేని తీగ దగ్గర చాలాసేపు నిలబడ్డావు. అదీ చూశాను. కానీ అమ్మాయ్, ఆ రెండోది కూడా నాకిచ్చెయ్. నా సొరుగులో దొరికిందని చెబుదాం. తిట్లు ఒక్క విడతలో అయిపోతాయి."

"రెండోది నేను తియ్యలేదు మామయ్యా! ఒట్టు!"

ఆయన నమ్మినట్టు తల ఊపాడు. నమ్మలేదని ఆ ఊపడంలోనే తెలిసిపోయింది. ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. చేసిన తప్పుకి శిక్ష లేదు. చెయ్యని తప్పుకి జాలి. రెండూ భరించరానివే.

"ఇక్కడే ఉండండి. ఇప్పుడే వస్తాను," అని కళ్లు తుడుచుకుని బయటికి వచ్చింది. హాల్లోకి వెళ్లి చెప్పేయాలని గట్టిగా అనుకుంది. అయితే అందరికన్నా ముందు చెప్పాల్సిన మనిషి ఇంకొకరున్నారు. ఎవరి సంతోషాన్ని చెడగొట్టాలని చూసిందో ఆ మనిషికి. పెద్దకోడలు మెట్లెక్కి చిన్నకోడలి గది తలుపు తోసింది.

చిన్నకోడలు కొత్త బట్టలు కట్టుకుని, తల సగం దువ్వుకుని, నేలమీద మంచానికి ఆనుకుని కూర్చుని ఉంది. అంతమంది తన కోసం వచ్చి కింద ఎదురుచూస్తుంటే, పరీక్ష తప్పిన పిల్లలాగా మోకాళ్లు కౌగిలించుకుని ఉంది.

"చిన్నీ," అంది పెద్దకోడలు, తలుపు వేస్తూ. కూర్చుంటే ధైర్యం జారిపోతుందేమోనని నిలబడే చెప్పింది. "నీతో ఒక మాట చెప్పాలి. మధ్యలో ఆపకు. మేడ మీద వైరు విప్పింది చిన్నమామయ్య కాదు. నేను. నువ్వు టీవీలో కనబడడం నేను చూడలేకపోయాను. ఆ కుర్చీ నాది, నువ్వు లాక్కున్నావు అనిపించింది. నువ్వు లాక్కోలేదని తెలుసు. తెలిసే విప్పాను."

చిన్నకోడలు తలెత్తి చూసింది. ఆమె ముఖం పాలిపోయింది.

"అంటే... నీకు తెలిసిపోయిందా అక్కా?"

"ఏం తెలియాలి?"

"ఎవరు చెప్పారు? చానల్ వాళ్లు ఫోన్ చేశారా?"

"ఏం మాట్లాడుతున్నావు నువ్వు? అసూయతో విప్పానంటున్నాను. వినబడిందా?"

చిన్నకోడలు వెనక్కి తిరిగి, దిండు కింద చెయ్యి పెట్టి, నల్లటి అడాప్టరు తీసి ఇద్దరి మధ్యా నేలమీద పెట్టింది. దాని వైరు పాములా చుట్ట చుట్టి ఉంది.

కింద ఎవరో నవ్వుతున్న చప్పుడు వినిపించింది.

"నువ్వా?" అంది పెద్దకోడలు. "నీ ఆట నువ్వే ఆపుకున్నావా? ఓడిపోయావా ఏంటి?"

"గెలిచాను."

"గెలిస్తే మరి...?"

"అక్కా, నన్ను కొట్టినా పడతాను. పూర్తిగా విను." చిన్నకోడలు గుక్క తిప్పుకుంది. "ఫైనల్లో ఆ ప్రశ్నలడిగే ఆయన, ఇంత బాగా ఎలా చదివారు, ఎవరు నేర్పారు అనడిగాడు. మా అక్క నేర్పింది, మా తోటికోడలు, అసలు రావాల్సింది తనే అన్నాను. నిజమే చెప్పాను. నీ గురించి చాలా చెప్పాను. ఆయన జనం వైపు చూసి, మళ్లీ నా వైపు తిరిగి, 'మరి అక్క లేరా?' అన్నాడు. నువ్వు అక్కడికి రాలేదు కదా. 'లేరండి' అన్నాను."

పెద్దకోడలికి వెంటనే అర్థం కాలేదు.

"అంతే. ఆయన గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఏమైందో నాకు తట్టేసరికి తర్వాతి ప్రశ్న వచ్చేసింది. గబగబా జవాబు చెప్పాను. అది ఒప్పయింది. చప్పట్లు. ఆ చప్పట్లలో నేను ఏమని చెప్పను? కాదండీ, ఆవిడ బతికే ఉంది, ఇంట్లో మా అత్తగారికి కాపడం పెడుతోందని చెప్పనా?"

"తర్వాతైనా చెప్పొచ్చుగా చిన్నీ!"

"చెబుదామనే అనుకున్నాను. విరామంలో ఒకాయన వచ్చి, మీ అక్క ఫొటో ఉందా అన్నాడు. నిన్ను టీవీలో చూపిస్తారేమోనని ఆశపడి ఇచ్చాను. నిజంగా అక్కా, అప్పుడు నీ మొహం కూడా జనం చూస్తారనే ఇచ్చాను. మళ్లీ వేదిక మీదికి వెళ్లేసరికి నల్ల ఫ్రేములో నీ ఫొటో. దాని ముందు కొవ్వొత్తి, తెల్లపూలు. గెలిచాక కప్పు నా చేతికిచ్చి, ఇది పైనున్న మీ అక్కకి అంకితం అన్నాడాయన. అందరూ లేచి నిలబడ్డారు. నేను ఏడుస్తూ ఉండిపోయాను. భయంతో ఏడిచాను. వాళ్లు దుఃఖం అనుకున్నారు."

పెద్దకోడలు మంచం మీద కూలబడింది. ముందు ఒళ్లు మండింది. చంపేశావు కదే నన్ను, అందామనుకుంది. ఆ వెంటనే లోపలెక్కడో చిన్న ఊరట లాంటిది కదిలింది: ఈమె తప్పు ముందు నా తప్పు ఎంత? అలా అనిపించినందుకు మరింత సిగ్గు ముంచుకొచ్చింది.

"వచ్చాకైనా నాకు చెప్పలేదేం? ఒకే ఇంట్లో ఉంటున్నాం. రోజూ ఒకే వంటింట్లో మసులుతున్నాం."

"రోజూ చెబుదామనే వచ్చేదాన్ని అక్కా. నువ్వు మొహం తిప్పుకునేదానివి. పొయ్యి దగ్గర నిలబడితే, ఏదో పనున్నట్టు పెరట్లోకి వెళ్లిపోయేదానివి. నీకు ముందే కోపంగా ఉంది, ఇది కూడా చెబితే జన్మలో నాతో మాట్లాడవు అనుకున్నాను."

పెద్దకోడలు మొహం నిజంగానే తిప్పుకుంది. వచ్చిన రోజున "బాగా ఆడావా?" అని ఒక్క మాట అడిగి ఉంటే ఇదంతా అప్పుడే బయటపడేది. చానల్ వాళ్లకి ఫోన్ చేసి బతిమాలుకునే సమయమైనా మిగిలేది.

వీధిలో బండి ఆగిన చప్పుడయింది. మెకానిక్ గొంతు అప్పుడే గేటు దగ్గర మొదలైంది.

"అక్కా, అతను వచ్చేశాడు!" చిన్నకోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏదో ఒకటి చెయ్యి. కరెంటు ఫ్యూజు తీసేద్దామా? ఇంకో వైరు పీకేద్దామా?"

"ఎన్ని పీకుతాం చిన్నీ? పక్కింట్లో రాదా? మన చుట్టాలందరి ఇళ్లల్లో రాదా? మా అమ్మ ఈపాటికి టీవీ ముందు కూర్చునే ఉంటుంది." ఆ మాట తన నోటినుంచి వచ్చాకే దాని అర్థం ఆమెకి పూర్తిగా తగిలింది. "ముందు మా అమ్మకి ఫోన్ చెయ్. నా ఫోన్ అదిగో. ఎత్తేదాకా చేస్తూనే ఉండు. నేను కిందికి వెళ్లి అత్తయ్యకి చెబుతాను. అంతా."

"నా సంగతి కూడానా?"

పెద్దకోడలు ఆమె వైపు చూసింది. నేలమీద ఉన్న అడాప్టరు తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది.

*

హాలు నిండిపోయింది. చిన్నమామయ్యని కూడా పిలిపించి గుమ్మం పక్కన నిలబెట్టారు. మెకానిక్ కొత్త అడాప్టరు ఊపుకుంటూ అందరినీ దాటుకుని మెట్ల మలుపు వైపు పోతున్నాడు.

"దొరికిందా?" అన్నారు అత్తగారు.

పెద్దకోడలు గుప్పిట విప్పింది. "ఇదిగో అత్తయ్యా. చిన్నమామయ్య గదిలో కాదు. ఇది నా దగ్గరుంది. పైన వైరు విప్పింది కూడా నేనే. మామయ్య దాన్ని ముట్టుకోనైనా లేదు."

కుర్చీలు కిర్రుమన్నాయి. చిన్నమామయ్య వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆమె ఆగలేదు.

"ఆయన నన్ను చూశారు. అయినా నా కోసం మీ చేత మాటలు పడ్డారు. నేను పక్కనే నిలబడి విన్నాను. నట్టు విప్పినదానికన్నా అదే పెద్ద తప్పు."

అత్తగారు కర్ర మీద రెండు చేతులూ వేసి, కోడలి ముఖంలోకి చూశారు.

"ఎందుకే?"

"అసూయ అత్తయ్యా. అక్కడికి వెళ్లాల్సింది నేను. మీరు పడ్డారని మీ మీద కోపం. అది వెళ్లిందని దాని మీద కోపం. ఎవరితోనూ అనలేక..."

పక్కింటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తిట్లు మొదలవుతాయని అందరూ కాచుకుని ఉన్నారు. అత్తగారు మాత్రం బల్ల మీది తాళంచెవి తీసుకుని, మరిది వైపు చాచారు. ఆయన వచ్చి అందుకున్నాడు. ఆవిడ క్షమించమని అనలేదు. ఆయన పరవాలేదని అనలేదు. ఆ ఇంట్లో అంతకన్నా ఎక్కువ ఎప్పుడూ జరగలేదు.

"ఆరోజే నాతో అనకపోయావటే," అన్నారు ఆవిడ కోడలితో, మునుపెన్నడూ లేనంత మెల్లగా. "నాకు కాలికే కదా దెబ్బ తగిలింది? పడుకుని ఉండేదాన్ని. వెళ్లనిచ్చేదాన్ని."

పెద్దకోడలికి దుఃఖం పొంగుకొచ్చింది. ఆవిడ పాదాల దగ్గర నేలమీద కూర్చుంది. "అత్తయ్యా, ఇంకొకటి ఉంది. టీవీ పెట్టకముందే చెప్పాలి. ఒక్కసారి లోపలికి రండి. చిన్నీ విషయం. అది కావాలని చెయ్యలేదు, నోరు జారి..."

"వచ్చేసిందండోయ్!" మెట్ల మలుపు నుంచి మెకానిక్ కేక పెట్టాడు. "పచ్చదీపం వెలిగింది! చూసుకోండి!"

హాల్లో తెర ఒక్కసారి మెరిసి, రంగులు నింపుకుంది. పిల్లలు కేరింతలు కొట్టారు. పెద్దకోడలు రిమోట్ కోసం చెయ్యి చాచింది. అది అప్పటికే అత్తగారి చెల్లెలి ఒళ్లో ఉంది, ఆవిడ శబ్దం పెంచుతోంది. పై గదిలో చిన్నకోడలు ఫోన్లో "హలో, హలో, పిన్నిగారూ, వినబడుతోందా?" అని అరుస్తోంది.

తెర మీద ఫైనల్ తాలూకు మచ్చుతునకలు, వాటి వెనక సంగీతం సన్నగా, విషాదంగా మొదలయ్యాయి. అత్తగారు కళ్లజోడు సవరించుకుని ముందుకి వంగారు.

"ఇదేమిటే!" అన్నారు, కాళ్ల దగ్గర కూర్చున్న కోడలినీ తెరనీ మార్చి మార్చి చూస్తూ. "నీ ఫొటో ముందు కొవ్వొత్తి వెలిగించారేమిటే?"